పుస్తకాల మూట మోసిన మనిషి - వట్టికోట ఆళ్వారుస్వామి

మన హాస్టల్లో ఒక ఇనుప బీరువా ఉంది. పాత విద్యార్థులందరికీ అది గుర్తుండే ఉంటుంది. మెస్ హాలు పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదిలో, తలుపు వెనుక ఉంటుంది. మేము ఆరో తరగతిలో చేరిన రోజున దాని మీద గ్రంథాలయం అని తెల్ల రంగుతో రాసి ఉంది. పదో తరగతి పాసై వెళ్ళేనాటికి ఆ అక్షరాల్లో సగం రాలిపోయాయి గానీ, ఆ బీరువా తాళం తీయగా మేము ఒక్కసారి కూడా చూడలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పేవారు. పుస్తకాలు బయటికిస్తే పోతాయని, పోతే లెక్క చెప్పుకోవాలని భయం. చివరికి లెక్క సరిపోయింది, పుస్తకాలు మాత్రం చెదలకు పోయాయి.

మాలో చాలామందిమి మా ఇళ్ళల్లో బడికి పోయిన మొదటి తరం వాళ్ళం. మా అమ్మలకు అక్షరాలు రావు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా చేతిలో ఏ పుస్తకం కనబడినా కొడుకు చదువుకుంటున్నాడని పనులు చెప్పడం మానేసేవారు. అది పాఠ్యపుస్తకమో, డిటెక్టివ్ నవలో వారికి తెలియదు. తెలిసినవాళ్ళే పుస్తకాన్ని తిప్పి చూసి, ఇది పరీక్షకు వస్తుందా అని అడిగేవారు. స్టడీ అవర్‌లో కథల పుస్తకం చదువుతూ దొరికిపోయి, గోడకుర్చీ వేసినవాళ్ళు ఈ సంచిక చదువుతున్నవారిలో కొందరైనా ఉంటారు. పేదవాడు చదవవలసింది ఉద్యోగం ఇచ్చే పుస్తకాలే, కథలు, కవితలు ఉన్నవాళ్ళ ముచ్చట అని మేమూ చాలాకాలం నమ్మాం.

పీజీలో చేరాక ఒక మనిషి జీవితం గురించి తెలుసుకున్నాం. ఆ నమ్మకం తప్పని ఆయన బతుకే మాకు చెప్పింది. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి. మన తమ్ముళ్ళకు ఆయనను పరిచయం చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

బాల్యం

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాధవరం గ్రామంలో పుట్టారు. పేద కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. ఇక బడి, చదువు అన్న మాట లేకుండా పోయింది. ఆ వయసు పిల్లవాడికి అప్పుడు తెలిసిన దారి ఒకటే, ఎవరింట్లోనైనా పనికి కుదరడం.

ఆయన ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపనికి కుదిరారు. వంట చేసి పెడుతూ, ఆ ఇంట్లో చదువు నేర్చుకున్నారు. ఫీజు కట్టలేనివాడు తన చేతిపనినే ఫీజుగా చెల్లించాడన్నమాట. హాస్టల్లో కుక్ రాని రోజున మనం రోటీలు కాల్చి, పప్పు కలియబెట్టి, ఆ మసి చేతులతోనే హోంవర్కు రాసుకున్న రోజులు గుర్తు చేసుకుంటే ఆ పిల్లవాడు మనకు పరాయివాడుగా కనిపించడు. అయితే ఒక తేడా ఉంది. మనకు ప్రభుత్వం పుస్తకాలు ఇచ్చింది, దుప్పటి ఇచ్చింది, ట్రంకు పెట్టె ఇచ్చింది. ఆయనకు ఇవేవీ లేవు.

ఆనాటి తెలంగాణ పరిస్థితి కూడా మనం తెలుసుకోవాలి. అప్పుడు ఇక్కడ నిజాం పాలన. సర్కారు భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. ఊళ్ళలో చదువు వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. దొరల గడీలు, వెట్టిచాకిరి సరే సరి. సభ పెట్టుకోవాలన్నా, ప్రైవేటుగా ఒక బడి నడుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఇటువంటి చోట తెలుగు పుస్తకం చదవడమే ఒక పోరాటం. అందుకే తెలంగాణలో జనం మేలుకోవడం గ్రంథాలయాలతో మొదలైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. తరువాత 1921లో ఆంధ్రజనసంఘం, 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ వచ్చాయి. ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్నది ఆ ఉద్యమాల ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆళ్వారుస్వామి పెరిగింది ఈ గాలిలోనే.

హోటల్ సర్వర్, ప్రూఫ్ రీడర్

బతుకుతెరువు కోసం ఆయన విజయవాడ చేరి హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. పొద్దంతా బల్లల మధ్య తిరిగి, ఎంగిలి ప్లేట్లు ఎత్తి, దొరికిన తీరికలో దొరికినది చదివేవారు. డిగ్రీ సెలవుల్లో హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్ పనికి పోయినవాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం. రాత్రి పదకొండు గంటలకు కాళ్ళు పీకుతుంటే పుస్తకం తెరవడం అంటే ఏమిటో మాకు తెలుసు. నిజం చెప్పాలంటే మేము తెరవలేదు. ఆయన తెరిచారు.

తరువాత హైదరాబాదు వచ్చి, సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో ప్రారంభించిన గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేరారు. ప్రూఫ్ రీడర్ పని ఏమిటో ఈనాటి తమ్ముళ్ళకు తెలియకపోవచ్చు. అప్పట్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చి అచ్చువేసేవారు. అలా పేర్చినదాన్ని ముందుగా ఒక కాగితం మీద తీసి, తప్పులు వెతికి దిద్దాలి. ఒక వత్తు పోయినా, ఒక దీర్ఘం తప్పినా పట్టుకోవాలి. తనకు ఇష్టమైనదే చదువుతానంటే ప్రూఫ్ రీడర్‌కు కుదరదు. సంపాదకీయం వస్తే అది చదవాలి, పద్యం వస్తే పద్యం, చరిత్ర వ్యాసం వస్తే చరిత్ర. అన్ని రకాల రాతలనూ అక్షరం వదలకుండా చదివే అలవాటుకు ఇంతకంటే మంచి బడి లేదని మాకు అనిపిస్తుంది. బడికి పోని మనిషికి ప్రెస్సే బడి అయ్యింది.

ఆ రోజుల్లోనే తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. లేరన్నవాళ్ళతో వాదించి కాదు, ఉన్నవాళ్ళను అచ్చువేసి జవాబు చెప్పారు. ఆళ్వారుస్వామి తరువాత చేసిన పని కూడా ఈ దారిదే.

దేశోద్ధారక గ్రంథమాల

ఆంధ్రపత్రిక, ఆంధ్రగ్రంథమాల నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని జనం దేశోద్ధారక అని పిలుచుకునేవారు. ఆయన 1938లో కన్నుమూశారు. అదే సంవత్సరం ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్ళు. ఈ వ్యాసం రాస్తున్న మా వయసు కూడా అంతే. అది తలచుకున్నప్పుడు మాకు కొంచెం సిగ్గనిపించింది.

చేతిలో డబ్బు లేదు, చదువు పట్టా లేదు, వెనుక పెద్ద కుటుంబం లేదు. అయినా ఒకటి తరువాత ఒకటిగా ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చారు. పుస్తకం అచ్చువేయడం ఒక కష్టమైతే, అమ్మడం అంతకు మించిన కష్టం. తెలంగాణ ఊళ్ళలో పుస్తకాల దుకాణాలు ఎక్కడివి? ఉన్నా ఎందరు వెళ్ళి కొంటారు? అందుకని ఆయనే పుస్తకాల మూట తలమీద పెట్టుకొని వీధి వీధి, ఇల్లిల్లు తిరిగి అమ్మారు. సభ ఎక్కడ జరిగితే అక్కడికి మూటతో చేరేవారు. మన ఊళ్ళలో గాజుల మలారం మోసుకొచ్చే అవ్వలను, చీరల మూటతో వచ్చే సాయబును మనం చూశాం. వాళ్ళలాగే ఈయన పుస్తకాలు తెచ్చారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేనప్పుడు మనిషి దగ్గరికి పుస్తకం పోవాలని ఆయన అనుకున్నారు.

ఇక్కడ మరో విషయం గమనించాలి. ఆయన ఒకే రకం పుస్తకాలు మోయలేదు. కాళోజీ కవితలు ‘నా గొడవ’ 1953లో ఈ గ్రంథమాల నుండే వచ్చాయి. తెలంగాణ చరిత్ర, సంస్కృతి, సమస్యల గురించి పలువురి చేత వ్యాసాలు రాయించి ‘తెలంగాణ’ అనే పేరుతో సంపుటాలుగా తెచ్చారు. ఒకటి కవిత్వం, ఇంకొకటి సమాచారం. ఒకటి కోపాన్ని, బాధను మన గుండెలో పెడుతుంది. రెండవది ఆ బాధకు కారణం ఏమిటో, ఎప్పటి నుండి ఉందో, ఎవరు ఏం చేశారో వివరిస్తుంది. కవిత్వం మాత్రమే చదివితే ఆవేశం మిగులుతుంది, వ్యాసాలు మాత్రమే చదివితే లెక్కలు మిగులుతాయి. ఒకే మూటలో రెండూ పెట్టుకొని తిరిగిన మనిషికి రెండింటి అవసరమూ తెలుసు.

జైలు గోడల మధ్య

పుస్తకాలు మోసే మనిషి ప్రజల కష్టాలకు దూరంగా ఉండలేదు. ఆంధ్రమహాసభలో పనిచేశారు. కార్మికులను కూడగట్టారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. తరువాత కమ్యూనిస్టు ఉద్యమంలో చేరి, 1946 నుండి 1951 వరకు మళ్ళీ జైళ్ళలో గడిపారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమయ్యాక కూడా ఆయనకు వెంటనే విడుదల దొరకలేదు.

నిజామాబాదు జైలులో ఆయనతోపాటు కవి దాశరథి కృష్ణమాచార్య కూడా ఉన్నారు. అక్కడి కథ ఒకటి తెలంగాణ అంతటా చెప్పుకుంటారు. దాశరథికి కాగితం, కలం ఇవ్వలేదు. ఆయన పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారు. జైలువాళ్ళు వాటిని తుడిపించేవారు. ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసి పెట్టుకొని మళ్ళీ గోడమీద రాసేవారట. ఒక కవి పద్యాలకు మరొక మనిషి బుర్రే పుస్తకం అయ్యింది. బయట పుస్తకాలు మోసినవాడు లోపల పద్యాలు మోశాడు. 1949లో వచ్చిన తన ‘అగ్నిధార’ కావ్యాన్ని దాశరథి ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చారు. రాజులకూ జమీందారులకూ కావ్యాలు అంకితం ఇచ్చిన దేశంలో, ఒకప్పటి వంటమనిషికి, హోటల్ సర్వర్‌కు ఒక గొప్ప కవి తన కావ్యాన్ని అంకితం ఇవ్వడం చిన్న విషయం కాదు.

పాఠకుడే రచయిత

ఇన్ని చదివిన మనిషి, ఇన్ని చూసిన మనిషి చివరికి తానూ రాశారు. జైలులో తనతో ఉన్న మామూలు ఖైదీల జీవితాలను ‘జైలు లోపల’ అనే కథలుగా రాశారు. వాళ్ళు రాజకీయ ఖైదీలు కారు. దొంగతనమో, కొట్లాటో, హత్యో చేసి వచ్చినవాళ్ళు. ఆ మనిషి అసలు నేరం దాకా ఎలా వచ్చాడని ఆయన వెనక్కి నడిచి చూశారు. పేదరికం, అవమానం, ఇంటి పరిస్థితి ఒక మనిషిని ఎక్కడికి నెడతాయో చూపించారు. హాస్టల్లో ఏదైనా వస్తువు పోతే ముందుగా అందరికంటే పేదవాడి పెట్టె వెదికిన రోజులు ఉన్నాయి. ఆ కథలు చదివాక ఆ రోజులు గుర్తొచ్చి తల దించుకున్నాం. ఏ గైడూ, ఏ సామాజిక శాస్త్రం నోట్సూ మాకు ఆ పని చేయలేదు.

ఆయన నవల ‘ప్రజల మనిషి’. 1930ల తెలంగాణ పల్లె అందులో ఉంది. దొర రామభూపాలరావు పెత్తనం, భూములు కాజేయడం, వెట్టి, మతమార్పిడులు, వీటన్నింటి మధ్య కంఠీరవం అనే యువకుడు ప్రజల పక్షాన నిలబడడం. చరిత్ర పుస్తకంలో వెట్టిచాకిరి అనేది రెండు మార్కుల ప్రశ్న. మేమూ దాన్ని రెండు వాక్యాల్లో బట్టీపట్టి రాసినవాళ్ళమే. నవలలో అది ఒక ఇంటి ముందు నిలబడిన మనిషి. చదివాక ఊరికి పోయి మా తాతను అడిగాం. ఆయన అంతకుముందు ఎన్నడూ చెప్పని సంగతులు ఆ రాత్రి చెప్పాడు. దొర పెండ్లికి తన అయ్య ఎన్ని రోజులు కట్టెలు కొట్టాడో, తిరిగి వచ్చాక ఇంట్లో ఏం వండుకున్నారో చెప్పాడు. నవల చదవకపోతే మేము అడిగేవాళ్ళం కాదు. అడగకపోతే ఆయన చెప్పేవాడు కాదు.

ఆ తరువాతి కాలాన్ని ‘గంగు’ అనే మరో నవలగా రాయడం మొదలుపెట్టారు. అది పూర్తికాకముందే 1961 ఫిబ్రవరి 5న, 45 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆ నవల ఆయన మరణానంతరం పుస్తకంగా వచ్చింది. ఆయన వదిలిన చోటినుండి తెలంగాణ జీవితాన్ని నవలల్లో చెప్పే పనిని దాశరథి తమ్ముడు దాశరథి రంగాచార్య అందుకున్నారు. ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’ అలా వచ్చినవే. ఒకరు దించిన మూటను మరొకరు తలకెత్తుకున్నారు.

మనం నేర్చుకోవలసింది

ఆళ్వారుస్వామి జీవితం చదివాక మేము కొందరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక నవల చదివితే, దాని తరువాత అదే కాలం గురించిన చరిత్రో, జీవితచరిత్రో చదవాలి. అలా ‘ప్రజల మనిషి’ పక్కన సురవరం వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పెట్టుకున్నాం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ పుస్తకానిదే. అందులో రాజుల యుద్ధాలు తక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది ఎక్కువ. ఆ వివరాల్లో చాలా భాగం ఆయన పాత కావ్యాల్లోంచే ఏరి తెచ్చారు. అంటే కల్పన నుండి చరిత్ర పుట్టింది. కథలు వేరు, విజ్ఞానం వేరు అన్న మా గోడ అక్కడ కూలిపోయింది. తరువాత ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, జాషువా ‘గబ్బిలం’, అంబేడ్కర్ జీవితచరిత్ర ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చదివాం. ఒకే అవమానాన్ని ఒకరు నవలగా, ఒకరు పద్యంగా చెప్పారు. ఒకరు దాన్ని తన బతుకుతోనే ఎదిరించారు. మూడూ చదివినవాడికే ఆ అవమానం పూర్తిగా అర్థమవుతుంది.

మొదట్లో మాకూ అన్నీ నచ్చలేదు. పద్యం చూస్తే భయం వేసేది, వ్యాసం చూస్తే నిద్ర వచ్చేది. తమ్ముళ్ళకు మేము చెప్పేది ఒకటే. నచ్చలేదని ఆ రకం పుస్తకాలనే వదిలేయకండి. ఒక కూర నచ్చకపోతే అన్నం మానం కదా. మరో రచయితను పట్టుకోండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదవండి, తప్పకుండా చదవండి. ఆ ఉద్యోగం మన ఇంటికి అవసరం. అయితే రోజుకు అరగంట మార్కులు రాని పుస్తకానికి ఇవ్వండి. ఆళ్వారుస్వామి చదివిన పుస్తకాల్లో ఒక్కటీ ఆయనకు మార్కులు తేలేదు. ఆయనను మనిషిని చేసినవి మాత్రం అవే.

చివరగా ఆ బీరువా సంగతి. ఈ సంవత్సరం వార్షికోత్సవానికి ముందు మేము కొందరం పాత విద్యార్థులం వచ్చి వార్డెన్ గారిని అడిగాం. ఆయన కాదనలేదు. తాళంచెవి దొరకలేదు, తాళం కోయించాల్సి వచ్చింది. లోపల చెదలు వదిలిపెట్టినవి 19 పుస్తకాలు. వాటిలో అట్టలేని నవల ఒకటి, నక్షత్రాల గురించి ఒకటి, కోళ్ళ పెంపకం గురించి ఒకటి, మధ్యలో పేజీలు పోయిన పిల్లల కథలు రెండు ఉన్నాయి. వాటిని ఎండలో ఆరబెట్టి, అట్టలు వేసి మళ్ళీ పెట్టాం.

పాత విద్యార్థులైన అన్నలకు మా విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, బొకేలు వద్దు. ఒక్కొక్కరు మూడు పుస్తకాలు తెండి. ఒకటి కథో నవలో, ఒకటి కవిత్వం, ఒకటి చరిత్రో విజ్ఞానమో జీవితచరిత్రో. మా వంతుగా ‘ప్రజల మనిషి’, ‘నా గొడవ’, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చి ఇచ్చాం. రిజిస్టరు రాయడానికి తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు ఇద్దరు ఒప్పుకున్నారు. పుస్తకం పోతే పోయిందని రాసుకోమన్నాం. పోయిన పుస్తకాన్ని ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు.

బీరువాకు కొత్త తాళం కొనలేదు.